ఆళ్లగడ్డ రాయి మీద ఆరక్షరాలు

నా ఉద్యోగానికి ప్రయాణాలతో పని లేదు. గుంటూరులో ఒక ఫ్లెక్సీల దుకాణంలో కంప్యూటరు ముందు కూర్చుని అక్షరాలు పేరుస్తాను. పుట్టినరోజు శుభాకాంక్షలు, ఘనస్వాగతం, అశ్రునివాళి. మనిషి జీవితంలో ఈ మూడే ఘట్టాలని మా ఓనరు నమ్మకం. ఇన్నేళ్లలో నేను చేసిన సాహసయాత్ర ఏదైనా ఉందంటే, కరెంటు పోయినప్పుడు జనరేటరు దాకా నడవడమే.

అలాంటివాణ్ని జనవరి చివర్లో నాలుగు రోజులు సెలవు పెట్టి నంద్యాల, ఆళ్లగడ్డ వెళ్లొచ్చాను. తిరుపతి వెళ్లొస్తే లడ్డూ అడుగుతారు. గోవా వెళ్లొస్తే ఫొటోలు అడుగుతారు. ఆళ్లగడ్డ వెళ్లొచ్చానంటే "అయ్యో, ఎవరైనా పోయారా?" అని అడిగారు. అడిగినవాళ్లు సగం కరెక్టే.

నాతో పనిచేసే ఇర్ఫాన్‌కి నంద్యాలలో మేనమామ ఉన్నాడు. పేరు బాషా, టైలరు. ఆయన దుకాణం వసారాలో ప్రతి చలికాలం ఒక టిబెటన్ అన్నాచెల్లెళ్లు స్వెట్టర్లు అమ్ముతారు. మైసూరు అవతల వాళ్ల కాలనీ. అక్టోబరులో మూటలతో దిగుతారు, జనవరి దాటగానే వెళ్లిపోతారు. ఈసారి డిసెంబరులో అన్న కొత్త సరుకు కోసం కాలనీకి వెళ్లి, అక్కడే గుండెనొప్పితో పోయాడు. వాళ్ల నమ్మకంలో పోయినవాడికి మరో జన్మ దాకా నలభై తొమ్మిది రోజుల దారి ఉంటుంది. అది ముగిసేలోగా ఒక రాయి మీద మంత్రం చెక్కించి, కాలనీలో నలుగురూ నడిచే బాట పక్కన పెట్టాలని చెల్లెలి కోరిక. ఎప్పటికైనా అలాంటి రాయి, శిల్పుల ఊరైన ఆళ్లగడ్డలోనే చెక్కించాలని అన్న బతికుండగా పట్టిన పట్టు.

మంత్రం మీకు తెలిసిందే. ఓం మణి పద్మే హూం. ఆరక్షరాలు. కాలనీలోని లామాగారు వాటిని కాగితం మీద రాసి ఫొటో పంపారు. ఫొటోలో అక్షరాలకన్నా లామాగారి బొటనవేలు స్పష్టంగా ఉంది. ఇర్ఫాన్ దాన్ని నా దగ్గరికి తెచ్చాడు. నేను ఒక్కో అక్షరాన్నీ జానెడు ఎత్తున గీసి పంపితే లామాగారు రెండుసార్లు తప్పులు దిద్ది, మూడోసారి సరేనన్నారు. మా ఓనరు కూడా ఇంత శ్రద్ధగా ప్రూఫు చూడడు. చుట్టి పోస్టులో వేద్దామంటే బాషా మామ ఫోనులోనే గదమాయించాడు. "మడత పడితే అక్షరం వంకర పోతాది. నువ్వే తీస్కరా."

శుక్రవారం నలభై తొమ్మిదో రోజు. గురువారం సాయంత్రం నాలుగింటి బస్సుకి చెల్లెలు రాయితో సహా ఎక్కాలి. నేను బయల్దేరింది సోమవారం.

రైల్లో: తేలుదా, పాముదా?

అక్షరాల కాగితం పాడవకుండా ఒక ప్లాస్టిక్ గొట్టంలో పెట్టుకున్నాను. మార్కాపురంలో ఎక్కిన పెద్దాయన నా ఎదురుగా కూర్చుని, గిద్దలూరు వచ్చేదాకా ఆ గొట్టాన్నే చూశాడు. ఆఖరికి ఉండబట్టలేక అడిగాడు.

"ఏందబ్బాయా అది?"

"మంత్రం పెద్దాయనా."

ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "యా మంత్రం? తేలుదా, పాముదా?"

వాళ్ల నాన్నకి తేలు మంత్రం వచ్చునట. పక్క ఊళ్ల నుంచి మనుషుల్ని మంచాల మీద మోసుకొచ్చేవాళ్లట. ఆ మంత్రం ఆయన చనిపోయేదాకా ఎవరికీ చెప్పలేదు. చెప్తే దాని పవరు పోతుందట.

"మరి మీక్కూడా చెప్పకుండానే పోయారా?"

"చెప్పలా. ఇప్పుడు తేలు కుడితే ఆటో మాట్లాడుకొని ఆసుపత్రికి పోతాండాం. అదే మేలు లే."

నా మంత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం అని చెప్పాను. దీన్ని రాళ్ల మీద చెక్కి బాటల పక్కన పెడతారు, జెండాల మీద అచ్చేసి గాలికి వదుల్తారు, చక్రాల్లో చుట్టి తిప్పుతారు, ఎంతమందికి అంటితే అంత మంచిదంటారు అన్నాను. ఆయన పెదవి విరిచాడు.

"అంత అగ్గవగా దొరికేదానికి విలువేముంటాది?"

ఆ సమయానికి రైలు నల్లమల సొరంగంలోకి వెళ్లి నా పరువు కాపాడింది.

సిగ్నల్ పోయేలోపు ఫోనులో చదివింది ఇది. మంత్రం సంస్కృతం. పాత బౌద్ధ గ్రంథంలో మొదట కనిపిస్తుంది. అవలోకితేశ్వరుడనే కరుణామూర్తి మంత్రం ఇది. ఆయన కొండ దక్షిణాదిలో ఉందని పాతకాలం వాళ్ల మాట. మంత్రం ఇక్కడ పుట్టి, హిమాలయాలు దాటి టిబెట్ చేరి, అక్కడ ప్రతి గొంతులోనూ స్థిరపడింది. అర్థమేమిటంటే అందరూ చెప్పేది "కమలంలోని మణి". పండితులు మాత్రం అది అంత తేలిగ్గా పొసగదంటారు. మణినీ పద్మాన్నీ కలిపి ఎవరినో పిలుస్తున్న పిలుపు అని కొందరు, అసలు మంత్రానికి అర్థం వెతకడమే తప్పని కొందరు. నేను "కమలంలోని మణి"నే ఖాయం చేసుకున్నాను. ఎందుకంటే రెండేళ్ల కిందట ఒక యోగా సెంటరు ఫ్లెక్సీ మీద అదే వేశాను, ఇప్పుడు మార్చలేను.

నంద్యాల: ఎండలో స్వెట్టర్లు

నంద్యాలలో దిగేటప్పటికి మిట్టమధ్యాహ్నం. జనవరి అని క్యాలెండరుకి తెలుసు, ఎండకి తెలియదు. ఈ ఊళ్లో ఇరవై ఏళ్లుగా స్వెట్టర్లు అమ్ముతున్న మనిషికన్నా ఆశావాది ఎక్కడా దొరకదనుకుంటూ బాషా మామ దుకాణం చేరాను.

వసారాలో దండేనికి వేలాడే స్వెట్టర్ల వెనకనుంచి ఒకావిడ బయటికి వచ్చింది. యాభై దాటిన మనిషి. రెండు జడలు, నడుముకి అడ్డచారల గుడ్డ. నేను రైల్లో బట్టీపట్టిన టిబెటన్ నమస్కారం చెప్పాను.

"తాషి దెలెక్."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఏందబ్బీ, ఇంత బక్కగా ఉండావ్? గుంటూర్లో కూడు పెట్టరా?"

అలా పెమా అక్క పరిచయమైంది. పెమా అంటే వాళ్ల భాషలో పద్మం. ఆవిడ తెలుగు ముందు నా తెలుగు రేడియో వార్తల్లా వినిపించింది. కోపమొస్తే సీమ తెలుగు, బేరానికి కన్నడం కలిపిన సీమ తెలుగు, బాషా మామతో ఉర్దూ కలిపిన సీమ తెలుగు. టిబెటన్ మాత్రం దేవుడితోనే.

బాషా మామ, ఆవిడ అన్నయ్య సాయంత్రాలు క్యారమ్స్ ఆడేవాళ్లట. ఆయన సంగతి వస్తే మామ పేరు పెట్టే మాట్లాడాడు. అక్క మాత్రం ప్రతిసారీ "అన్న" అనే అంది. నేనది పట్టించుకోలేదు. అక్షరాలు పేర్చేవాడికి అక్షరాలే కనిపిస్తాయి, మనుషులు వదిలేసిన మాటలు కనిపించవు. ఆ అన్నయ్య పేరు ఈ వ్యాసంలో ఎక్కడా రాయను. కారణం ముందుకెళ్తే మీకే తెలుస్తుంది.

అక్క నాకు టీ ఇచ్చింది. అందులో ఉప్పూ వెన్నా ఉన్నాయి, పంచదార లేదు. నేను మర్యాదగా తాగి "చాలా బావుంది" అన్నాను. గ్లాసు మళ్లీ నింపింది. అబద్ధానికి అంత వెంటనే శిక్ష పడటం అదే మొదలు.

మర్నాడు పొద్దున మామ ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినిపించాడు. మా వైపు మరమరాలు సాయంత్రం సినిమా హాలు బయట తినే తిండి. ఇక్కడ వాటిని బొరుగులంటారు, తడిపి, తాలింపు వేసి, పప్పులపొడి చల్లి ఉదయం ఫలహారం చేస్తారు. ముప్పై రూపాయలకి ప్లేటు మీద చిన్న గుట్ట. బజ్జీ కొరికాక గుంటూరువాణ్నని చెప్పుకునే ధైర్యం నాకు కాసేపు పోయింది.

ఆళ్లగడ్డ: ముందు అర్థం చెప్పు

ఫలహారమయ్యాక మామ, అక్క, నేను ఆళ్లగడ్డ చేరాం. రోడ్డు పక్కన దేవుళ్లు క్యూలో నిల్చున్నారు. కొందరికి ముఖం వచ్చింది, చేతులు రాలేదు. కొందరు నడుము దాకా రాతిలోనే ఉన్నారు. ఏ శిల్పి షెడ్డు ముందు ఆగినా మిషన్ల రొద, తెల్లటి దుమ్ము. ప్రతి బస్సు ప్రయాణంలోనూ అన్నయ్య కిటికీలోంచి ఈ షెడ్లనే చూసేవాడని అక్క చెప్పింది. కిందటేడు దిగి, ఓబులాచారి షెడ్డులో ఒక నల్లరాయిని వేలితో కొట్టి విని, "ఇదే" అన్నాడట.

ఓబులాచారి నలభై ఏళ్ల మనిషి. కనురెప్పల మీద కూడా దుమ్ము. నా కాగితం విప్పి చాలాసేపు చూశాడు.

"ఈ అక్షరాలు పై గీత పట్టుకొని కిందికి వేలాడతాండాయే. సంస్కృతం మాదిరి."

"అక్కడికి లిపి మనవైపు నుంచే వెళ్లింది ఆచారిగారూ."

"అట్ల చెప్పు. సరే, అర్థమేంది? అర్థం తెలీకుండా నేను ఉలి పెట్టను."

నేను గొంతు సవరించుకుని "కమలంలోని మణి" అన్నాను. పెమా అక్క నవ్వింది. పెద్దగా ఏం కాదు, ముక్కుతో.

"నువ్వు చెప్పక్కా," అన్నాడు ఆచారి.

"మా అమ్మ చెప్పింది చెప్తా. ఆరక్షరాలు, ఆరు లోకాలు. దేవతలు, దేవతల మీద కుళ్లుకునేటోళ్లు, మనుషులు, జంతువులు, ఆకలి దెయ్యాలు, నరకంలో ఉండేటోళ్లు. ఒక్కో అక్షరం ఒక్కో లోకానికి. ఎవుర్నీ వదిల్లేదు."

"టైలర్లు యా లోకం?" అన్నాడు బాషా మామ.

"ఇచ్చిన టయానికి గుడ్డలు కుట్టరు కదా, మీరు నరకమే అన్నా."

ఆచారికి నవ్వొచ్చింది కాని పట్టు విడవలేదు. ఈ మంత్రం మొదట ఎవరు చెప్పారని అడిగాడు. దానికి అక్క దగ్గర కథ ఉంది. మంత్రం కోసం వెతుక్కుంటూ ఒక బోధిసత్వుడు కాశీకి వెళ్లాడట. అది తెలిసిన గురువు అక్కడున్నాడు. చూస్తే ఆయన నియమాలు వదిలేసిన సంసారి. భార్య, పిల్లలు, ఉతకని బట్టలు. అయినా బోధిసత్వుడు ఆయన కాళ్లకే మొక్కి మంత్రం తీసుకున్నాడు.

ఆచారి తన బనియను వైపు చూసుకున్నాడు. "అయితే నేను చెక్కొచ్చు," అన్నాడు.

రాయికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. అక్క దాని మెడలో, రాయికి మెడ ఉంటే గనక, తెల్లటి పట్టు కండువా వేసింది. రెండు మతాలూ కలిసి ఇంత మర్యాద చేసిన రాయిని నేను చూడలేదు. గురువారం పదింటికల్లా ఇస్తానని ఆచారి మాటిచ్చాడు.

బెలుం: కొండ మీద కూర్చున్నాయన

బుధవారం చేసేందుకు పనేమీ లేదు. బాషా మామ షట్టరు దించి, నన్నూ అక్కనూ కొలిమిగుండ్ల మీదుగా బెలుం గుహలకి తీసుకెళ్లాడు. దారిపొడవునా నాపరాళ్లు. ఇళ్ల గోడలకి నాపరాయి, పశువుల కొట్టానికి నాపరాయి, పొలం గట్టుకీ నాపరాయే.

గుహల దగ్గర పెద్ద బుద్ధుడు ఎండలో కూర్చుని ఉన్నాడు. ఎప్పుడో ఈ గుహల్లో బౌద్ధ భిక్షువులు ఉండేవాళ్లని ఇక్కడివాళ్లు చెబుతారు. లోపలికి దిగితే సంగతి నాకర్థమైంది. ధ్యానానికో దేనికో తెలియదు గాని, ఉక్కకి చెమటతో పాటు అహంకారం కూడా కారిపోతుంది. నేను రెండుసార్లు తల కొట్టుకున్నాను. అక్క ఒక్కసారీ కొట్టుకోలేదు. ప్రతి మలుపులోనూ వంగింది.

బయటికొచ్చాక బుద్ధుడి ముందు కూర్చుని, వాళ్ల కరుణామూర్తి కొండ దక్షిణాదిలోనే ఉందని చదివిన సంగతి చెప్పాను. చాలా జ్ఞానం పంచుతున్నట్టు చెప్పాను.

"తెల్సబ్బీ," అంది అక్క. "దేవుడు మీవాడే. మేము చలికి స్వెట్టరు తొడిగినామంతే."

ఆ వాక్యాన్ని మించింది ఈ ప్రయాణంలో నేనేమీ నేర్చుకోలేదు. అది అక్కడితో ఆగి ఉంటే ఎంత బావుండేది!

తిరుగు దారిలో కొలిమిగుండ్ల దగ్గర టీకి ఆగాం. అక్క చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. నా ఫోను మోగింది. ఆచారి.

"అబ్బీ, ఆరక్షరాలూ అయిపోవస్తాండాయి. కింద జాగా మిగిలింది. పేరేం పెట్టల్ల?"

నేను క్షణం కూడా ఆలోచించలేదు. ఇంకెవరైనా ఆలోచిస్తారేమో, ఫ్లెక్సీలవాడు ఆలోచించడు. పేరు లేకుండా మా దుకాణం నుంచి గుడ్డముక్క బయటికి పోదు. అన్నయ్య పూర్తి పేరు బాషా మామనడిగి చెప్పాను. అంతటితో ఆగానా? "కీర్తిశేషులు" పెట్టమన్నాను. "జ్ఞాపకార్థం" పెట్టమన్నాను. తెలుగు అక్షరాలు మా దుకాణంలో ఉన్నవాటిలో అందమైన వరసలో పేర్చి, ఫోనులోనే ఫొటో పంపాను. అన్నయ్య ఫొటో కూడా చెక్కమని అడగలేదు, అదొక్కటే నేను చూపిన నిగ్రహం. అక్క వచ్చాక ఆ సంగతి చెప్పలేదు. రేపు చూసి సంతోషిస్తుందనుకున్నాను.

మళ్లీ ఆళ్లగడ్డ: పేరు

గురువారం పదింటికి చేరాం. అక్క మూటలన్నీ సర్దుకుని, ఆళ్లగడ్డలోనే బస్సెక్కేలా వచ్చింది. ఆచారి రాయిని గోడకి ఆనించి, నీళ్లు చల్లి తుడిచాడు. నల్లటి రాతిలో ఆరక్షరాలు లోతుగా, నున్నగా మెరిశాయి. నా కాగితం మీద అవి బొమ్మలు. ఇక్కడ అవి నిజంగా ఎవరో ఒకరు పలికినట్టున్నాయి. అక్క ముందుకి వంగి రాయి పైఅంచుకి నుదురు తాకించింది. తర్వాత చూపు కిందికి దిగింది.

"ఇదేంది?"

"పేరక్కా," అన్నాడు ఆచారి గర్వంగా. "పొద్దున్నే లేచి చెక్కినా. నా తరఫున అనుకో."

అక్క రెండడుగులు వెనక్కి వేసి, పక్కనున్న రాతిదిమ్మె మీద కూర్చుంది.

"ఎవురు చెప్పినారు?"

ఆచారి గడ్డంతో నన్ను చూపించాడు. బాషా మామ కూడా నన్నే చూశాడు. నేను వెనకనున్న ఆంజనేయుణ్ని చూశాను. ఆయనకింకా ముఖం రాలేదు. సాయపడే స్థితిలో లేడు.

"పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తాడబ్బీ," అంది అక్క మెల్లగా. "దారి పట్టుకొని పోతాండాడు. ఎనక నుంచి చెల్లెలు పిలిస్తే నిలబడడా? ఇన్ని దినాలు మనసులో గూడా నేను వాని పేరు అనుకోలేదు. అన్నా, అన్నా అంటాండా అంతే. వాడు పోవల్ల. మంత్రం చెప్పేది వాడు నిలబడకుండా పోయేదానికి."

అక్క చేత్తో రాయిని చూపించింది.

"ఈ రాయి వానిది గూడా కాదు. దారిన పోయేటోళ్లది. కుక్క చూసినా, ఆవు వీపు రుద్దుకున్యా వాటికీ అంతే పుణ్యం. పేరుంటే మా అన్న ఒక్కనిదే అయిపోతాది. నేను దీన్ని తీస్కపోను. ఉత్త చేతుల్తో పోతా."

ఆచారికి కోపమొచ్చింది. "రెండు దినాలు నడుం వంచినా అక్కా! పేరు లేని రాయంటే మా లెక్కలో దిక్కు లేని రాయి. గుళ్లో ట్యూబులైటు మీద గూడా పేరుంటాది."

అది నిజం. మా ఊరి గుళ్లో దాత పేరు ఎంత లావుగా రాశారంటే ఆ లైటు వెలిగినా ఆరినా ఒకటే.

అక్క కాసేపు షెడ్డంతా చూసింది. "ఆచారీ, ఆ ఆంజనేయుని మీద నీ పేరు యాడ?"

"దేవుని మీద నా పేరేంది?"

"మీ నాయన చేసిన దేవుళ్ల మీద మీ నాయన పేరుందా?"

"లేదు."

"మీ తాతది?"

"మా తాతదీ లేదు. ఎవురిదీ..." ఆచారి ఆగిపోయాడు. పక్క షెడ్లలో ఉలి చప్పుళ్లు వినిపిస్తూనే ఉన్నాయి. అతను లేచి, తలగుడ్డ విప్పి, ముఖం తుడుచుకుని మళ్లీ కట్టుకున్నాడు.

"చెరిపేదానికి రబ్బరు లేదప్పా," అన్నాడు నాతో. "లోతుకు దిగిన అక్షరం పోవల్లంటే దాని చుట్టూ రాయంతా దిగల్ల. మిషను పెడితే వేడికి అంచు లేస్తాది. చేత్తోనే కొట్టల్ల. చూడు, హూం కాలు కిందిదాకా వచ్చింది. పెచ్చు ఆడికి పాకిందంటే మంత్రమే పోతాది."

సుత్తితో రాయిని మూడుచోట్ల తట్టి చెవి ఆనించాడు. "పలుకుతాంది. చేస్తా. పగిలితే నన్నడగొద్దు."

"పగిలితే పగిలిన రాయే తీస్కపోతా," అంది అక్క. "మొదటి దెబ్బ నేనేస్తా."

ఆచారి ఉలి ఎలా పట్టాలో చూపించాడు. అక్క కొట్టింది. రాయి పట్టించుకోలేదు. "ఉన్ని కాదక్కా, రాయి. గట్టిగా." రెండో దెబ్బకి "కీర్తిశేషులు"లో మొదటి కొమ్ము పొడిగా రాలింది. అక్క ఉలి ఇచ్చేసి, రాయి పక్కనే కూర్చుని మంత్రం మొదలుపెట్టింది. వాళ్ల నోట్లో అది "ఓం మణి పెమె హుం". ఆచారి సుత్తి దానికి తగ్గట్టు పడిందని రాయాలని నాకూ ఉంది. పడలేదు. అతని లెక్క అతనిది, ఆవిడ లెక్క ఆవిడది.

పదకొండయింది. పన్నెండయింది. నేనూ ఒక చెయ్యి వేస్తానన్నాను. నా తప్పులో ఒక అక్షరమైనా నేనే చెరపాలని ఉందని కాస్త గొంతు బొంగురుపోయేలా చెప్పాను. మూడో దెబ్బ నా బొటనవేలి మీద పడింది. ఆచారి ఉలి లాక్కున్నాడు. "కత్తిరించేదే నా పని, చెక్కేది కాదు," అంటూనే బాషా మామ వచ్చి నాలుగు దెబ్బలు చక్కగా వేశాడు. రోజూ క్యారమ్స్ ఆడిన మనిషి పేరది. ఆ నాలుగు దెబ్బల తర్వాత మామ బయటికి వెళ్లి చాలాసేపు రోడ్డు చూస్తూ నిలబడ్డాడు.

రెండు దాటాక "టక్" మని చప్పుడైంది. గోరంత పెచ్చు ఎగిరింది, సరిగ్గా హూం కాలి కింద. ఆచారి సుత్తి గాల్లో ఆగింది. అక్క మంత్రం ఆగలేదు, కాని గొంతు తగ్గింది. ఆచారి మోకాళ్ల మీద వంగి దుమ్ము ఊదాడు, వేలితో తడిమాడు, మళ్లీ ఊదాడు.

"ఆగింది," అన్నాడు. "వెంట్రుకంత దూరంలో."

మూడింటికి పేరు లేదు. రాయి కింది భాగం మాత్రం వేలిమందం లోతుకి దిగి, గరుకుగా, వాన చినుకులు పడ్డ దుమ్ములా ఉంది. నున్నగా చేస్తానని ఆచారి అన్నాడు. వద్దంది అక్క. అరచేత్తో ఆ గరుకుని నిమిరింది.

"అక్కా," అన్నాడు ఆచారి సుత్తి పక్కన పెట్టి. "ఇందాకట్నుంచి అన్నిసార్లు అంటివి గదా. అర్థం మనసుకొచ్చిందా?"

"అబద్ధమెందుకు? రాయి పగలగూడదు, రాయి పగలగూడదు అనుకుంటాంటి."

"అయితే పనిచేసింది. పగల్లేదు."

"దానికి కాదప్పా. మొదలుపెట్టేటప్పుడు ఈ అబ్బి మీద, నీ మీద శానా కోపముణ్ణింది. ఇప్పుడు యెతికితే లేదు."

నేను ఆ మాటకి పొంగిపోయి క్షమాపణ చెప్పబోయాను. "మాట్లాడొద్దు, మళ్లొస్తాది," అంది.

బస్టాండు

గోనెపట్టలో చుట్టిన రాయిని ఆటోలో బస్టాండుకి తెచ్చేసరికి బస్సు వచ్చి ఆగి ఉంది. అరవై కేజీలకి పైనే ఉంటుంది. డిక్కీ నిండా ఉల్లిగడ్డ మూటలు. కండక్టరు అడ్డం నిలబడ్డాడు.

"ఏందిది?"

"రాయి," అన్నాడు బాషా మామ.

"ఇది లారీ కాదప్పా. ఎవురిదీ రాయి?"

నేను నోరు తెరిచి, మూసేశాను. ఈ ప్రశ్నకి జవాబు చెప్పే అర్హత నాకు లేదు.

"అందరిదీ," అంది అక్క.

"అందరిదీ అంటే? నాదీనా?"

"నీదీనే."

"డ్రైవరుదీ?"

"డ్రైవరుదీ. నీ బస్సులో ఉండే అందరిదీ."

కండక్టరు ఆవిణ్ని చూశాడు, రాయిని చూశాడు, గడియారం చూశాడు. తర్వాత బస్సు వైపు తిరిగి గట్టిగా అరిచాడు. "ఏయ్, మీ రాయంట! వచ్చి ఎక్కించుకోండి బిరీన, టయమైపోతాంది!"

ఏడెనిమిది మంది నిజంగానే దిగారు. "మాదెట్లయితాదప్పా, మేము చాగలమర్రిలో దిగిపోతాం," అని ఒకాయన గొణుగుతూనే ఒక మూల పట్టుకున్నాడు. రాయిని లోపలికి చేర్చి, వెనక సీటు ముందు నేల మీద పరిచారు. అక్షరాలు పైకే ఉండాలంది అక్క. ఉంచారు. దాని మీద కాళ్లు పెట్టకూడదంది.

"మరి మా కాళ్లు యాడ పెట్టుకోవల్ల?" అన్నారు వెనక సీటువాళ్లు.

"సీటు మీద," అన్నాడు కండక్టరు, విజిలేశాడు.

అక్క కిటికీలోంచి మాకు చెయ్యి ఊపింది. బస్సు కదిలేటప్పుడు ఆఖరి కిటికీలో నాకు కనిపించారు. ముగ్గురు రైతులు, తలపాగాలతో, సీటు మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్లో చేతులు పెట్టుకుని, బుద్ధుడిలా నిటారుగా కూర్చున్నారు. మధ్యాయన మాత్రం కండక్టర్ని తిడుతున్నాడు.